స్టీలు బాటిల్‌లో వేడి ఎటు పోతుంది

రెండు పొరల స్టీలు బాటిల్ నీటిని వేడి చేయదు, చల్లబరచదు. పోసినప్పుడు నీరు ఏ స్థితిలో ఉందో ఆ స్థితిని వీలైనంతసేపు నిలపడమే దాని పని. బజారులో కొందరు ‘హాట్ అండ్ కోల్డ్’ అని అడుగుతారు, కొందరు ‘థర్మాస్’ అంటారు, ఇంట్లో మాత్రం ఉత్త ‘స్టీలు బాటిల్’. ఏ పేరుతో పిలిచినా అది ఒకదాంట్లో ఒకటి కూర్చిన రెండు సీసాలు. లోపలిది నీటిని పట్టుకుంటుంది, బయటిది చేతికి తగులుతుంది. మధ్యలో ఉండేది కొద్ది మిల్లీమీటర్ల ఖాళీ. అందులోని గాలిని దాదాపు పూర్తిగా తోడేస్తారు. ఈ రెండు గోడలూ కలిసేది మూతి దగ్గర ఒక్కచోటే.

వేడి ప్రయాణించే దారులు మూడని ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చెబుతారు: వహనం, సంవహనం, వికిరణం. వస్తువులు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే వేడి వాటి గుండా పాకుతుంది. గాలి, నీరు కదిలితే వాటితోపాటు కదులుతుంది. ఏ ఆసరా లేకున్నా కిరణాల రూపంలో సాగిపోతుంది. గోడల మధ్య గాలే లేనప్పుడు మొదటి రెండు దారులూ చాలావరకు మూసుకుపోతాయి. మూడోదాన్ని అడ్డుకోవడానికి లోపలి సీసాకు వెలుపలి వైపున రాగి పూత పూస్తారు, లేదా పల్చటి రాగి రేకు చుడతారు. మెరిసే రాగి వేడి కిరణాలను తక్కువగా వదులుతుంది. ‘కాపర్ కోటెడ్’ అని డబ్బా మీద రాసేది దీని గురించే. నీటికి ఆ రాగి తగలదు కాబట్టి రాగి చెంబులో నీళ్లు తాగడానికీ దీనికీ సంబంధం లేదు.

ఇక మిగిలింది మూతి. రెండు గోడలూ అక్కడ అతుక్కుని ఉంటాయి కాబట్టి లోపలి వేడి పల్చటి స్టీలు అంచు గుండా పైకి పాకి బయటికి దిగుతుంది. మూత గుండా మరికొంత పోతుంది. వేడి నీళ్లు పోసిన మంచి బాటిల్‌ను అరచేత్తో తడిమి చూస్తే ఒళ్లంతా మామూలుగా ఉంటుంది, మెడ చుట్టూ బొటనవేలు వెడల్పున మాత్రం గోరువెచ్చగా తగులుతుంది. అది లోపం కాదు, ఏ బాటిల్‌కైనా అంతే. మూతి వెడల్పయ్యేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. ఐస్ ముక్కలు వేయడానికీ, చెయ్యి పెట్టి కడగడానికీ వెడల్పు మూతి బాగుంటుంది. వేడిని నిలపడానికి ఇరుకు మూతే మేలు. కొనేవాళ్లు రంగు చూస్తారు, ఒళ్లు చూస్తారు. వేడి పోయేదీ, నీళ్లు కారేదీ, వాసన పట్టేదీ మాత్రం మూత దగ్గరే.

ఈ ఏర్పాటు వంటింటి కోసం పుట్టలేదు. స్కాట్లండ్‌కు చెందిన శాస్త్రవేత్త జేమ్స్ డ్యూవార్ 1892లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో దీన్ని రూపొందించాడు. గాలిలోని వాయువులను విపరీతంగా చల్లబరచి ద్రవాలుగా మార్చే ప్రయోగాలు ఆయనవి. అలా తయారైన ద్రవం మామూలు పాత్రలో పోస్తే చూస్తుండగానే మరిగి ఆవిరైపోయేది. దాన్ని కాస్త ఎక్కువసేపు నిలపడానికి రెండు గాజు గోడల మధ్య గాలి తీసేశాడు. అంటే ఇవాళ కాఫీ ఫ్లాస్కు అనుకుంటున్నది మొదట అతి శీతల ద్రవాల కోసం తయారైన పాత్ర. 1898లో ఆయన హైడ్రోజన్‌నే ద్రవంగా మార్చగలిగాడు. పేటెంటు సంగతి మాత్రం పట్టించుకోలేదు. బెర్లిన్‌లో గాజు పనివాడైన రైన్‌హోల్డ్ బర్గర్ దాన్ని ఇంటి వాడకానికి అనువుగా మలిచాడు. 1904లో థర్మాస్ పేరుతో కంపెనీ మొదలైంది. డ్యూవార్ కోర్టుకెక్కినా లాభం లేకపోయింది. ఆ పేరు ఎంతగా జనం నోళ్లలో పడిందంటే, అది వస్తువు పేరే అయిపోయిందని 1963లో అమెరికా కోర్టు తేల్చింది.

గాజు ఫ్లాస్కు మన ఇళ్లలో దశాబ్దాలపాటు ఆసుపత్రి సామాను. పురుడు పోసుకున్న ఇంటికీ, జ్వరంతో మంచం పట్టిన మనిషి దగ్గరికీ అది వెళ్లేది. వేడిని నిలపడంలో మంచి గాజు ఫ్లాస్కు స్టీలుకు ఏమాత్రం తీసిపోదు, కొన్నిసార్లు మెరుగు కూడా. గాజు స్టీలు కంటే చాలా తక్కువగా వేడిని పాకనిస్తుంది మరి. ఒక్క దెబ్బకు లోపలి గాజు పగలడమే దాని బాధ. రైలు ప్రయాణాల్లో నీళ్లకు మన పెద్దవాళ్లు దాన్ని కాకుండా ఇత్తడి మరచెంబును నమ్ముకున్నది అందుకే. మరమూత బిగిస్తే చుక్క కారదు, కిందపడితే సొట్ట పడుతుందే తప్ప పగలదు. నీళ్లు చల్లగా కావాలంటే మట్టి కూజా. కూజా పని తీరు వేరు: దాని ఒంటి మీద చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది, అందువల్ల అది నిజంగానే నీటిని చల్లబరుస్తుంది. స్టీలు బాటిల్‌కు ఆ గుణం లేదు.

మొత్తం స్టీలుతోనే వాక్యూమ్ సీసా చేయడం 1913లో అమెరికాలో విలియం స్టాన్లీతో మొదలైంది. ఇప్పుడు చేతిలో పట్టుకు తిరిగే తేలికపాటి స్టెయిన్‌లెస్ రకానికి దారి వేసింది జపాన్. పారిశ్రామిక వాయువుల కంపెనీ నిప్పాన్ సాన్సో 1978లో దాన్ని బజారులోకి తెచ్చింది. వాయువులను నిల్వచేసేవాళ్ల చేతుల్లోంచే ఇదీ రావడం యాదృచ్ఛికం కాదు. వాక్యూమ్ నిలపడం వాళ్లకు రోజూ ఉండే పనే.

లోహాలన్నీ వేడిని గబగబా పాకనిస్తాయి అనుకుంటాం కానీ వాటిలో తేడాలు చాలా ఉన్నాయి. రాగితో పోలిస్తే స్టెయిన్‌లెస్ స్టీలు గుండా వేడి పాకే వేగం ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అల్యూమినియంతో పోల్చినా దాదాపు పదిహేనో వంతే. మూతి దగ్గర రెండు గోడలూ కలిసినా బాటిల్ వేడిని నిలపగలగడానికి కారణం ఈ గుణమూ, ఆ గోడలు చాలా పల్చగా ఉండటమూ. అదే సీసా రాగితో చేస్తే మధ్యలో ఎంత వాక్యూమ్ ఉన్నా మెడ గుండా వేడంతా పోతుంది.

డబ్బా మీద కనిపించే 304 అనేది స్టీలు రకం. దాన్నే 18/8 అని కూడా రాస్తారు, అంటే దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. క్రోమియం గాలితో కలిసి స్టీలు మీద కంటికి కనిపించనంత పల్చటి పొర కడుతుంది. గీత పడినా ఆ పొర మళ్లీ తనంతట తానే ఏర్పడుతుంది. ఇత్తడి గిన్నెలో పులుసు పెడితే చిలుమెక్కుతుంది కాబట్టి కళాయి వేయించేవారు. స్టీలుకు ఆ అవసరం రాకపోవడం ఈ పొర చలవే. 316 రకంలో కాస్త మాలిబ్డినమ్ కూడా ఉంటుంది, ఉప్పును మరింత తట్టుకుంటుంది. రోజూ మంచినీళ్లు తాగడానికి అంత అక్కర్లేదు. చవక రకాల్లో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు, అవి 200 సిరీస్. వాటికి తుప్పు త్వరగా పడుతుంది. చాలా బాటిళ్లలో లోపలి గోడ 304, బయటిది 200 సిరీస్ ఉంటాయి. నీటికి తగిలేది లోపలిదే కాబట్టి దాన్ని తప్పుపట్టనక్కర్లేదు. దుకాణంలో అయస్కాంతం పెట్టి చూసి ‘అంటుకోలేదు, కాబట్టి మంచిదే’ అని తేల్చేవాళ్లు ఒకటి గమనించాలి: 304కీ అంటుకోదు, 200 సిరీస్‌కూ అంటుకోదు. పైగా ఒత్తి మలిచినచోట అసలైన 304 కూడా కొద్దిగా అంటుకుంటుంది. ఆ పరీక్షతో తేలేది పెద్దగా ఏమీ లేదు.

అంతకంటే నమ్మదగినది ఐఎస్‌ఐ గుర్తు. ఇంటి వాడకానికి అమ్మే స్టీలు వాక్యూమ్ ఫ్లాస్కులు, బాటిళ్లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 17526. కేంద్ర ప్రభుత్వం 2023లో ఇచ్చిన నాణ్యతా నియంత్రణ ఉత్తర్వుతో వీటికి ఆ గుర్తు తప్పనిసరి అయింది. గుర్తుకు పైన ప్రమాణం సంఖ్య, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే తయారీదారు వివరాలు వస్తాయి. బడి పిల్లల కోసం అమ్మే రంగురంగుల బాటిళ్లలో మరో రకం కలిసిపోయి ఉంటుంది: లోపల స్టీలు, బయట ప్లాస్టిక్, మధ్యలో నురుగులాంటి పఫ్. అవి వాక్యూమ్ బాటిళ్లు కావు. కొన్ని గంటలపాటు చల్లగా ఉంచుతాయి, ధర తక్కువ, బరువూ తక్కువ. ఆ సంగతి తెలిసి కొంటే వాటిలో తప్పేమీ లేదు.

డబ్బా మీద ‘24 గంటలు’ అని ఉంటుంది. 24 గంటల తర్వాత పొగలు కక్కే కాఫీ వస్తుందని దాని అర్థం కాదు. వేడి తగ్గే తీరును ఒక ఉదాహరణతో చూస్తే స్పష్టమవుతుంది. ముప్పావు లీటరు బాటిల్ నిండా 95 డిగ్రీల నీరు పోశారు, గదిలో 30 డిగ్రీలు ఉంది, ఆరు గంటల తర్వాత నీరు 75కి దిగింది అనుకుందాం. అదే లెక్కన 12 గంటలకు 61, 24 గంటలకు 45 డిగ్రీల దగ్గర ఉంటుంది. మొదట్లో గబగబా, పోనుపోను నెమ్మదిగా తగ్గుతుంది. లోపలికీ బయటికీ ఎంత తేడా ఉంటే వేడి అంత జోరుగా పోతుంది కాబట్టి ఇలా జరుగుతుంది. రాత్రి పోసిన నీరు తెల్లారి ‘వేడిగా’ ఉందా ‘గోరువెచ్చగా’ ఉందా అన్నది కంపెనీ ఏ ఉష్ణోగ్రతను వేడి అని పిలుస్తుందో దాన్ని బట్టి ఉంటుంది.

ఈ తేడా లెక్క మన ఎండాకాలానికి వర్తింపజేస్తే తమాషాగా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం రెంటచింతలలోనో రామగుండంలోనో బయట 44 డిగ్రీలు. 5 డిగ్రీల ఫ్రిజ్ నీళ్లు పోస్తే తేడా 39. పైన చెప్పిన బాటిలే అయితే ఆరు గంటల్లో నీరు 17 డిగ్రీలకు, పన్నెండు గంటల్లో 25కి చేరుతుంది. అదే బాటిల్‌ను చలికాలం తెల్లవారుజామున లంబసింగి తీసుకుపోతే చల్లటి నీటికి కాపలా అక్కర్లేదు, వేడి టీకి మాత్రం తేడా 80 డిగ్రీలు దాటిపోతుంది. ‘వేడికి 12 గంటలు, చల్లదనానికి 24 గంటలు’ అని ప్రకటనలు వేరువేరు అంకెలు చెప్పేది దీనివల్లే. మామూలు గది వాతావరణానికి ఐస్ నీళ్లు దగ్గర, మరిగిన నీళ్లు దూరం. మన వేసవి మధ్యాహ్నం ఆ రెండు దూరాలూ దాదాపు సమానమైపోతాయి. చల్లదనం గురించి ప్రకటన చెప్పే గంటలను అప్పుడు సగానికి తగ్గించుకోవడమే తెలివి.

చల్లగా ఎక్కువసేపు ఉండాలంటే అన్నిటికంటే గట్టి ఉపాయం ఐస్ ముక్కలు. గ్రాము ఐస్ కరిగి నీరవడానికి పట్టే వేడితో గ్రాము నీటిని 80 డిగ్రీల మేర వేడెక్కించవచ్చు. పై ఉదాహరణలోని బాటిల్‌లో 150 గ్రాముల ఐస్ వేస్తే, 44 డిగ్రీల ఎండలో కూడా అది కరిగేసరికి సుమారు ఆరు గంటలు పడుతుంది. ఆ తర్వాతే నీరు వేడెక్కడం మొదలవుతుంది. పొలం పనికో, కొరియర్ పంచడానికో రోజంతా బయట తిరిగేవాళ్లకు ఇది ఫ్రిజ్ నీళ్లు పోయడం కంటే ఎన్నో రెట్లు నయం.

బాటిల్‌ను మొదట వేడి నీళ్లతో తొలిచి, అవి పారబోసి, ఆ తర్వాత కాఫీ పోయమని చాలామంది చెబుతారు. సలహా సరైనదే కానీ దాని వల్ల వచ్చే లాభం అనుకున్నంత లేదు. లోపలి గోడ బరువు వంద గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది, స్టీలు వేడెక్కడానికి పెద్దగా వేడి పట్టదు. అర లీటరు నిండా పోస్తే తొలవడం వల్ల మిగిలేది ఒకటి రెండు డిగ్రీలే. ఒక్క కప్పు కాఫీయే పోసేటట్టయితే మాత్రం నాలుగైదు డిగ్రీలు తేడా వస్తుంది, అప్పుడు తొలవాలి. అసలు లాభం నిండుగా పోయడంలో ఉంది. సగమే పోస్తే దాచుకున్న వేడి సగమవుతుంది, బయటికి పోయే దారులు మాత్రం దాదాపు అలాగే ఉంటాయి. అందువల్ల రెండింతల వేగంతో చల్లారుతుంది. ఒక మనిషికి లీటరు బాటిల్ కొని అడుగున కాసిని నీళ్లు పోసుకోవడం కంటే, చిన్న బాటిల్ నిండా పోసుకోవడం మేలు. మూత మాటిమాటికీ తీయడమూ అంతే నష్టం. తీసిన ప్రతిసారీ ఆవిరితోపాటు వేడి లేచిపోతుంది.

మూతలు రకరకాలు. గట్టిగా తిప్పి బిగించే మరమూత అన్నిటికంటే నమ్మకమైనది, వేడినీ బాగా నిలుపుతుంది. మీట నొక్కితే పోసే మూత సుఖంగా ఉంటుంది కానీ దాంట్లో సందులెక్కువ, కడగడం కష్టం. పీల్చుకునే గొట్టం ఉన్న సిప్పర్ మూత చల్లటి నీళ్లకే పరిమితం కావాలి. వేడి నీళ్లు పోసి దాన్ని బిగిస్తే లోపల ఆవిరి, వేడెక్కిన గాలి ఒత్తిడి పెంచుతాయి. మూత తెరవగానే గొట్టం గుండా వేడినీళ్లు పైకి చిమ్ముతాయి. పసిపిల్లల ముఖాలు కాలే ప్రమాదం దీనిలో ఉంది. తయారీదారులు ఈ హెచ్చరిక కాగితం మీద ముద్రిస్తారు, ఆ కాగితం డబ్బాతోపాటే చెత్తలోకి పోతుంది. దీనికి తలకిందులైన ఇబ్బంది ఒకటి కూడా ఉంది. వేడినీళ్లు పోసి బిగించిన మూత మర్నాటికి ఎంత తిప్పినా రాదు. నీరు చల్లారేకొద్దీ లోపలి ఒత్తిడి తగ్గి మూతను కిందికి పీల్చుకుంటుంది. మూత చుట్టూ కాసేపు వేడినీళ్లు పోస్తే వదులవుతుంది. పట్టకారుతో పట్టి తిప్పితే మూతే పగులుతుంది.

బయట గోడ చల్లగా తగులుతుంది కాబట్టి లోపల ఎంత వేడిగా ఉందో చేతికి తెలియదు. టీ గ్లాసు పట్టుకోగానే వేలు చెబుతుంది, ఈ బాటిల్ చెప్పదు. నాలుగు గంటల కిందట పోసిన కాఫీ ఇంకా 75, 80 డిగ్రీల మీద ఉండవచ్చు. దాన్ని సరాసరి నోట్లో పోసుకుంటే నాలుక బొబ్బలెక్కుతుంది. అంతేకాదు, 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు అలవాటుగా తాగడాన్ని, అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణం కాగలదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో వర్గీకరించింది. మూతగిన్నెలోకి వంచుకుని, ఒక నిమిషం ఆగి తాగే పాత పద్ధతి అందుకే మంచిది. ఆ చిన్న గిన్నె ఇచ్చే ఫ్లాస్కులు ఇప్పుడు తగ్గిపోతున్నాయి.

నీళ్లు, పాలు కలపని టీ, డికాక్షన్, జీలకర్ర కాచిన నీళ్లు, కషాయం వంటివి నిశ్చింతగా పోయవచ్చు. పాల విషయంలో జాగ్రత్త కావాలి. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల దాకా సూక్ష్మజీవులు హాయిగా పెరుగుతాయి. పాలు పొంగుతుండగా పోసి రెండు మూడు గంటల్లో తాగేస్తే ఇబ్బంది లేదు. గోరువెచ్చని పాలు పోస్తే మాత్రం బాటిల్ వాటిని సరిగ్గా ఆ వెచ్చదనంలోనే గంటల తరబడి నిలుపుతుంది. పాలు తోడుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు. నిజానికి పెరుగు తోడు పెట్టడానికి ఫ్లాస్కు వాడే ఇళ్లు ఉన్నాయి. పసిబిడ్డకు రాత్రి పాలపొడి కలపాల్సి ఉంటే పొడిని, వేడినీళ్లను వేరువేరుగా ఉంచుకుని అప్పటికప్పుడు కలపాలి. కలిపే నీరు 70 డిగ్రీలకు తగ్గకూడదని, కలిపాక చల్లార్చి పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గంజి, జావ, సూపు వంటివి పాలలాగే చూడాలి.

మజ్జిగ, నిమ్మరసం, చారు కాసేపు ఉంచితే స్టీలుకు ఏమీ కాదు. ఉప్పు, పులుపు కలిసి రాత్రంతా నిలవుంటేనే పైన చెప్పిన రక్షక పొర అక్కడక్కడా దెబ్బతిని చిన్న చిన్న గుంటలు పడతాయి, వాటిలో ఎర్రటి మచ్చలు మొదలవుతాయి. సోడా, కూల్‌డ్రింకుల గ్యాసు మూతను ఎగదన్నుతుంది. పండ్ల రసం, కొబ్బరినీళ్లు మూసి మరిచిపోతే పులిసి గ్యాసు పుడుతుంది. కల్లు సంగతి ఇక చెప్పనక్కర్లేదు. బాటిల్‌ను పొయ్యి మీద, మైక్రోవేవ్‌లో ఎప్పుడూ పెట్టకూడదు. ఫ్రీజర్‌లోనూ వద్దు: వాక్యూమ్ ఉన్నందువల్ల చల్లదనం లోపలికి చేరడానికి చాలాసేపు పడుతుంది, చివరికి గడ్డకట్టిందంటే నీరు తొమ్మిది శాతం దాకా ఉబ్బి లోపలి గోడను సాగదీస్తుంది.

వాడకంలో అందరూ అశ్రద్ధ చేసేది కడగడం. మంచినీళ్లే కదా అని నాలుగు రోజులపాటు మళ్లీమళ్లీ నింపుతారు. నోరు పెట్టి తాగినప్పుడు ఎంగిలి కాస్త లోపలికి పోతుంది, వారం తిరిగేసరికి గోడలకు జిగురు పొర కడుతుంది. రోజూ సబ్బునీళ్లు, పొడవాటి బ్రష్షు, ఆపైన మూత తీసి బోర్లించి ఆరబెట్టడం చాలు. తడిగా ఉండగానే మూత బిగించి అలమారలో పెడితే మక్కిన వాసన తప్పదు.

ఎంత తోమినా వాసన పోవడం లేదంటే అది స్టీలుది కాదు. మూతను తిరగేసి చూడాలి. లోపలి అంచు వెంట ఒక గాడి, దానిలో తెల్లటి రబ్బరు చుట్ట కూర్చుని ఉంటుంది. అందరూ వాషర్ అనే ఆ సిలికాన్ చుట్టను స్పూను తోకతో మెల్లగా పైకి లేపితే కింద అసలు సంగతి బయటపడుతుంది: నిన్నటి కాఫీ గోధుమరంగు గీత, దానిపక్కన నల్లటి చుక్కలుగా బూజు. వాషర్‌ను, మూతను వేడినీళ్లలో చెంచాడు వంటసోడా వేసి అరగంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలావరకు పోతుంది. నలుపు రబ్బరులోకి ఇంకిపోతే కొత్తది వేసుకోవడమే. తిరిగి పెట్టేటప్పుడు చుట్టకు పైవైపు, కిందివైపు తేడా ఉంటే గమనించాలి. తిరగేసి పెట్టిన వాషర్ వల్ల నీళ్లు కారి పుస్తకాలు తడిస్తే నింద బాటిల్ మీద పడుతుంది. విడి వాషర్లు అమ్మే కంపెనీ బాటిల్ కొంటే అదే ఎక్కువ కాలం వస్తుంది. కొనేటప్పుడు దుకాణదారును అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, ఎవరూ అడగరు.

బోరు నీళ్లు కాచి పోసే ఇళ్లలో అడుగున తెల్లటి పొర పేరుకుంటుంది. నీటిలోని సున్నం అది. తాగితే హాని లేదు కానీ గరుగ్గా ఉండి మురికిని పట్టుకుంటుంది. చెంచాడు నిమ్మ ఉప్పు వేడినీళ్లలో కలిపి గంటసేపు ఉంచితే కరిగిపోతుంది. వెనిగర్ కూడా అదే పని చేస్తుంది. ఆ గంటసేపు మూత తెరిచే ఉంచాలి, సున్నం కరిగేటప్పుడు గ్యాసు పుడుతుంది. అడుగున కనిపించే ఎర్రటి చుక్కలు చాలాసార్లు స్టీలు తుప్పు కావు, నీటిలోని ఇనుమో, స్టీలు పీచుతో తోమినప్పుడు ఇరుక్కున్న దాని ముక్కలో. నిమ్మ ఉప్పుకు అవీ పోతాయి. స్టీలు పీచు, బ్లీచింగ్ నీళ్లు రెండూ వాడకూడదు. మొదటిది గీతలు పెడుతుంది, రెండోదానిలోని క్లోరిన్ గుంటలు చేస్తుంది. ఇంకో మాట, బాటిల్ నీటిని శుద్ధి చేయదు. నల్గొండ ప్రాంతపు నీటిలోని ఫ్లోరైడ్ స్టీలులో పోసినా, కాచి పోసినా అలాగే ఉంటుంది.

వాక్యూమ్ పోయిందో లేదో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. మరిగిన నీళ్లు నిండా పోసి, మూత బిగించి పది నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత మెడ కింది నుంచి అడుగుదాకా అరచేత్తో తడమాలి. ఒళ్లు వెచ్చబడితే గోడల మధ్య గాలి చేరినట్టే. చల్లటి నీళ్లు పోసినప్పుడు బయట చెమ్మ పట్టినా అదే అర్థం, మంచి బాటిల్‌కు చెమట పట్టదు. మూతి దగ్గరి అతుకు సన్నగా విడిపోవడమో, అడుగున మూసిన రంధ్రం దెబ్బతినడమో దీనికి కారణం. ఒక్కచోట మాత్రమే, అదీ సొట్ట పడినచోట వెచ్చగా ఉంటే బయటి గోడ లోపలికి నొక్కుకుపోయి రెండోదాన్ని తాకుతోందని అర్థం. రంగు పోవడం, పైపై గీతలు పట్టించుకోనక్కర్లేదు. వాక్యూమ్ పోయిన బాటిల్‌ను ఏ మెకానిక్కూ ఇంటిదగ్గర బాగుచేయలేడు. ఫ్యాక్టరీలో వందల డిగ్రీల వేడిగల వాక్యూమ్ కొలిమిలో పెట్టి గాలి తోడి, అడుగున ఉన్న చిన్న రంధ్రాన్ని మూసేస్తారు, అది ఒక్కసారి జరిగే పని.

ఆ రంధ్రం మూసే పదార్థం గురించి 2024లో అమెరికాలో పెద్ద చర్చ జరిగింది. కొందరు తయారీదారులు సీసం కలిసిన టంకంతో దాన్ని మూసి, పైన స్టీలు బిళ్ల అతికిస్తారు. మరికొందరు గాజు వాడతారు. బిళ్ల ఊడనంతవరకు సీసం నీటికీ తగలదు, చేతికీ తగలదు. అడుగు బిళ్ల ఊడివచ్చి, లోపల బూడిదరంగు చుక్క కనిపిస్తే మాత్రం ఆ బాటిల్‌ను, ముఖ్యంగా పిల్లల చేతుల్లోంచి, తీసేయాలి.

పిల్లల విషయంలో బరువు కూడా ఆలోచించాలి. అర లీటరు వాక్యూమ్ బాటిల్ ఖాళీగానే పావు కిలోకు పైన ఉంటుంది, నింపితే ముప్పావు కిలో దాటుతుంది. బడి సంచి బరువు బిడ్డ బరువులో పదో వంతు మించరాదని 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది. 20 కిలోల పిల్లకు అది రెండు కిలోలే, దానిలో మూడో వంతుకు పైగా నీళ్ల సీసాకే పోతే పుస్తకాలకు మిగిలేది తక్కువ. బడిలో మంచినీళ్లు దొరికేచోట ఒకే పొర ఉన్న తేలిక స్టీలు బాటిల్ సరిపోతుంది. విదేశాలకు విమానమెక్కేవాళ్లు తనిఖీ దగ్గరికి ఖాళీ బాటిల్‌తో వెళ్లి, లోపల నింపుకోవాలి. అంతర్జాతీయ ప్రయాణాల్లో చాలాచోట్ల ఒక్కో ద్రవం డబ్బా 100 మిల్లీలీటర్లు దాటనివ్వరు. విమానంలో గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి వేడి టీ ఉన్న బాటిల్ మూత అక్కడ నెమ్మదిగా తిప్పాలి.

వాక్యూమ్ పోయినా లోపలి గోడ శుభ్రంగా ఉంటే బాటిల్‌ను పారేయనక్కర్లేదు, మామూలు నీళ్ల సీసాగా ఏళ్ల తరబడి పనికొస్తుంది. లోపల గుంటలు పడి మచ్చలు తిరగబెడుతుంటే ప్లాస్టిక్ మూత, వాషర్ వేరుచేసి పాత సామాన్లవాడికి వేయవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలును మామూలు ఇనుముతో కలపకుండా విడిగా తూచమని అడగాలి, దానికి రేటు ఎక్కువ.